పచ్చకర్పూరం లేని లడ్డు

తిరుపతి వెళ్ళొచ్చినవాళ్ళు లడ్డు పంచలేదు. అనుమానం అక్కడ మొదలైంది.

అది 1999 జూన్. యూ టీ అనే పేటలో, మా అపార్ట్‌మెంట్ బ్లాకులో పదకొండు తెలుగు కుటుంబాలుండేవి. మగవాళ్ళంతా దాదాపు ఒకే పని మీద సింగపూర్ వచ్చారు. బ్యాంకుల పాత ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండంకెలే రాసిపెట్టారు. రెండువేలు రాగానే కంప్యూటర్లు దాన్ని పంతొమ్మిది వందలనుకుంటాయి. ఆలోపల ఆ చోట్లన్నీ వెతికి సరిచేయాలి. మా నాన్న రంగనాథ్, పదకొండో అంతస్తు సుధాకరరావు అంకుల్ రాఫెల్స్ ప్లేస్‌లో పక్కపక్క సీట్లలో కూర్చుని ఆ పనే చేసేవారు. పొద్దున ఏడింటి ట్రైనుకి వెళ్తే చీకటి పడ్డాకే ఇంటికి. అందుకని బ్లాకులో ఏం జరిగినా ముందు ఆడవాళ్ళకి తెలిసేది. వాళ్ళందరికంటే ముందు ఏడో అంతస్తు హైమావతి ఆంటీకి తెలిసేది.

ఏప్రిల్ చివర్లో సుధాకరరావు అంకుల్ భార్య లలితకుమారి ఆంటీ, వాళ్ళమ్మాయి ప్రణవి ఉన్నట్టుండి ఇండియా వెళ్ళారన్నారు. జూన్ రెండో వారంలో కింద లిఫ్టు దగ్గర కనిపించారు. ప్రణవి తలకి గుడ్డ చుట్టుకుంది. ముక్కుకి, నోటికి మాస్క్.

"తలనీలాలిప్పించారా! తిరుపతి వెళ్ళొచ్చారన్నమాట," అంది హైమా ఆంటీ. "ఎంత జడండీ బాబూ, చూస్తూ చూస్తూ ఎలా ఇచ్చారు? ఏం మొక్కు?"

"పాత మొక్కు హైమగారూ."

"ఆ మాస్కేంటి?"

"డస్ట్ ఎలర్జీ."

"సర్లే. లడ్డు ఏదీ?"

లలితా ఆంటీ లిఫ్టు బటన్ రెండుసార్లు నొక్కింది. "సామాను ఎక్కువైపోయింది. ఈయన ఫ్రెండొకాయన వస్తున్నాడు, ఆయన తెస్తాడు."

ఆ సాయంత్రం హైమా ఆంటీ మా ఇంట్లో కూర్చుని తీర్పు చెప్పింది. "తిరుపతి వెళ్ళి లడ్డు మర్చిపోయారంటే నమ్ముతాను భానూ. సామాను ఎక్కువై లడ్డు వదిలేశారంటే మాత్రం నమ్మను. లడ్డు కోసం చీరలు వదిలేస్తాం గానీ, చీరల కోసం లడ్డు వదిలేస్తామా?"

"వాళ్ళ తిప్పలేవో వాళ్ళవి," అంది అమ్మ, బియ్యంలో రాళ్ళేరుతూ.

నేను పక్క గదిలో లెక్కలు చేస్తున్నాను. నాకు పదహారేళ్ళు. అక్టోబర్, నవంబర్‌లలో పరీక్షలు. ప్రణవిది నా వయసే, స్కూలు వేరు. నాలుగేళ్ళు ఆదివారం తెలుగు క్లాసులో ఇద్దరం ఆఖరి బెంచీలో కూర్చుని, ఇద్దరం ఒత్తుల దగ్గర దెబ్బతిన్నాం. అంతకుమించి పరిచయం లేదు.

రెండు రోజుల తర్వాత లిఫ్టులో మేమిద్దరమే ఉన్నాం. నేను తొమ్మిది నొక్కాను, తను పదకొండు. మాస్కు పైన కళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. ఆ కళ్ళ పైన ఏదో లేదు. ఏమిటో తెలియడానికి నాలుగంతస్తులు పట్టింది.

"తిరుపతిలో కనుబొమ్మలు కూడా తీస్తారా?" అన్నాను.

ప్రణవి అంకెల వైపే చూస్తోంది. ఏడు, ఎనిమిది.

"ప్యాకేజ్ డీల్ లా," అంది, సింగపూర్ పిల్లలు మాట చివర తగిలించే 'లా'తో.

తొమ్మిదిలో తలుపు తెరుచుకుంది. నేను దిగలేదు. మూసుకుంది.

"ఎంతమందికి చెప్తావ్?"

"ఎవరికీ చెప్పను."

"మీ అమ్మకి?"

"అమ్మక్కూడా."

"ప్రామిస్ చెయ్."

చేశాను. అప్పుడు పదకొండుకీ పన్నెండుకీ మధ్య మెట్ల మలుపు దగ్గర నిలబడి, బస్సు నంబరు చెప్పినట్టు చెప్పింది. రక్త క్యాన్సర్. ఇండియా వెళ్ళలేదు. ఆరు వారాలు ఇక్కడే, హాస్పిటల్లో ఉంది.

*

ఆ మెట్ల మలుపు మా చోటైంది. అక్కడ ఒక కిటికీ ఉంది. దాంట్లోంచి చువా చు కాంగ్ వైపు పోయే రైళ్ళు కనిపిస్తాయి. జనంలోకి వెళ్ళకూడదు, ఎవరికీ దగ్గరగా కూర్చోకూడదు అన్నారట డాక్టర్లు. అందుకని తను పైమెట్టు మీద, నేను రెండు మెట్ల కింద. తను ఉన్న మెట్టుకి నేనెప్పుడూ ఎక్కలేదు.

"ఇప్పుడు మందులతో తగ్గింది," అంది జులైలో ఒకరోజు. "కానీ నాది మళ్ళీ వచ్చే రకంట. ఇయర్ ఎండ్ లోపల వేరేవాళ్ళ బోన్ మ్యారో ఎక్కించాలి. అమ్మది, నాన్నది మ్యాచ్ కాలేదు. తోడబుట్టినవాళ్ళు లేరు కదా."

"మరి?"

"మన జాతివాళ్ళలో దొరికే ఛాన్స్ ఎక్కువట. ఇక్కడి డోనర్ల లిస్టులో ఇండియన్స్ చాలా తక్కువ. మీ తెలుగువాళ్ళందరినీ పిలిచి బ్లడ్ టెస్ట్ చేయించండి అన్నారు డాక్టర్."

"పిలవచ్చుగా!"

"అమ్మ వద్దంది. ప్రపంచమంతా లిస్టులున్నాయి, ఎక్కడో ఒకచోట దొరుకుతుంది, ఊళ్ళో టముకు వేయనక్కర్లేదు అంది." ప్రణవి కిటికీలోంచి చూసింది. "అందరికీ తెలిస్తే రేపు నాకు పెళ్ళి కాదట. ఫస్ట్ నేను ఉండాలి కదా, దెన్ పెళ్ళి. సీక్వెన్స్ తప్పు లా."

నాకు నవ్వు రాలేదు. తను నవ్వింది.

"నువ్వు రోజూ ఎందుకొస్తున్నావ్?" అని అడిగింది కాసేపటికి. "జాలా, ఇష్టమా?"

"తెలీదు."

"కనుక్కుని చెప్పు."

"టైమ్ పడుతుంది."

"డిసెంబర్ దాకా తీసుకో," అంది.

*

హైమా ఆంటీ లడ్డు సంగతి వదల్లేదు. మార్కెట్లో అడిగింది, ట్రైనులో అడిగింది, ఎవరి సీమంతంలోనో పదిమంది ముందు అడిగింది. "ఆ ఫ్రెండు తిరుపతి నుంచి నడిచొస్తున్నాడా లలితా?"

పదిమందీ నవ్వారు. ఆగస్టు మొదటి శనివారం పొద్దున సుధాకరరావు అంకుల్ నన్ను పైకి పిలిచారు. నెమ్మదస్తుడు. ఆఫీసులో ఎలా మాట్లాడతారో అలాగే మాట్లాడారు.

"నీకు తెలుసని ప్రణవి చెప్పింది. థ్యాంక్స్. ఒక చిన్న పని ఉంది. సెరంగూన్ రోడ్డులో నలభై లడ్లు తేవాలి. నేను వెళ్తే ఎవరో ఒకరు చూస్తారు. ఎవరైనా అడిగితే బర్త్‌డే అని చెప్పు."

న్యూటన్‌లో రైలు దిగి, బస్సెక్కి, లిటిల్ ఇండియాలో మూడు షాపులు తిరిగి తెచ్చాను. డబ్బా తెరిచి చూసి ప్రణవి తలడ్డంగా ఊపింది.

"తిరుపతిది ఇంత అందంగా ఉండదు. చిన్నప్పుడు తిన్నాను కదా. పెద్దది. గట్టిది. కలకండ పంటికి తగిలేది."

చేతులకి గ్లవ్స్ వేసుకుంది. నేను స్టీలు బేసిన్లో నలభై లడ్లూ చిదిపాను. తను నేతిలో వేయించిన జీడిపప్పు, కిస్‌మిస్, కలకండ పలుకులు కలిపింది. రెండింటికొకటి చొప్పున మళ్ళీ చుట్టాం. టేబుల్‌కి నేను ఆ చివర, తను ఈ చివర. అంకుల్ ఒక పలుకు నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నారు.

"పాస్," అన్నారు. ఆఫీసులో ప్రోగ్రాము సరిచేశాక అనే మాట అది.

లలితా ఆంటీ వంటింట్లోకి రాలేదు. పడగ్గది తలుపు వేసుకుంది. లోపల్నుంచి గోవింద నామాలు వినిపిస్తున్నాయి. సగంలో ఆగిపోతున్నాయి. మళ్ళీ మొదటినుంచి మొదలవుతున్నాయి. అంగడి లడ్డుని స్వామి ప్రసాదమని పంచడం ఎంత పాపమో ఆ ఇంట్లో తెలిసిన మనిషి ఆవిడొక్కతే.

"కనుక్కున్నాను," అన్నాను పన్నెండో లడ్డు చుడుతూ.

"ఏంటి?"

"జాలి కాదు."

ప్రణవి తన చేతిలో ఉన్న లడ్డులో ఇంకో జీడిపప్పు గుచ్చి, పక్కన పెట్టింది. "ఇది నీకు. వేరేవాళ్ళకివ్వకు."

*

మా ఇంటికొచ్చిన లడ్డు తిన్నది అమ్మ ముందు, తర్వాత నేను.

అమ్మ ఆదివారం తలస్నానం చేసి వచ్చి, చెప్పులు వాకిట్లోకి నెట్టి, లడ్డుని దేవుడి అర ముందు పెట్టింది. కళ్ళకద్దుకుంది. చిటికెడు తుంచి నోట్లో వేసుకుంది. నమిలింది. ఇంకో చిటికెడు తుంచి ముక్కు దగ్గర పెట్టుకుంది.

తర్వాత ఆవిడ చేసిన పని నేను మర్చిపోలేదు. లడ్డుని దేవుడి అరలోంచి తీసి, ఫ్రిజ్ మీద పెట్టింది. బిస్కెట్ల డబ్బా పక్కన.

"ఇందులో పచ్చకర్పూరం లేదు," అంది.

నేను పేపరు చదువుతున్నాను. పచ్చకర్పూరం అనేదొకటి ఉంటుందని నాకు తెలియదు. ప్రణవికీ తెలియదు. మేం లడ్డుని చూపుకి, పంటికి సరిపోయేలా చేశాం. వాసన మాకెవరూ నేర్పలేదు.

అమ్మ నా ఎదురుగా కూర్చుంది. "నిన్న పొద్దున్నంతా ఎక్కడున్నావు?"

"లైబ్రరీ."

"నీ చొక్కాకి నెయ్యి వాసనేంట్రా మరి?"

నేను పేజీ తిప్పాను.

"ఆ పిల్ల కనుబొమ్మలేవి?"

"అమ్మా, నేను మాటిచ్చాను."

అమ్మ ఫ్రిజ్ మీది లడ్డు వైపు చూసింది. గుంటూరులో మా తాతయ్య కాంపౌండరు. చిన్నప్పుడు ఆవిడ ఆస్పత్రి వరండాలో ఆడుకుంటూ పెరిగిన మనిషి.

"అయితే చెప్పకు," అంది. "పేరు చెప్పకు, జబ్బు చెప్పకు. వాళ్ళకేం కావాలో అది ఒక్కటి చెప్పు."

ఇందులో మాట తప్పడం ఉందా లేదా అని ఆలోచించాను. లేదనిపించింది. ఉందేమో కూడా.

"మనవాళ్ళ రక్తం," అన్నాను. "బోన్ మ్యారో డోనర్ల టెస్ట్‌కి. రెండు స్పూన్లు. ఎంతమందిదైతే అంత మంచిది."

*

సెప్టెంబర్‌లో వినాయక చవితి. ఆ ఆదివారం కమ్యూనిటీ హాల్లో తెలుగువాళ్ళంతా కలిసి పూజ చేసుకున్నాం. కథ అయిపోయి, అక్షింతలు వేసుకుని, పులిహోర కోసం జనం లేస్తుండగా అమ్మ మైకు తీసుకుంది. ఆవిడ మైకు పట్టుకోవడం నేను చూడలేదు. నాన్న కూడా చూడలేదు. చేతిలో ప్లేటు అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

"నాకో మొక్కుంది," అంది అమ్మ. "నూట ఎనిమిది మంది చేత రక్తపరీక్ష చేయించి, మజ్జ దానం చేసేవాళ్ళ లిస్టులో పేర్లు రాయిస్తానని మొక్కుకున్నాను. వచ్చే ఆదివారం నర్సులు ఇక్కడికే వస్తారు. పద్దెనిమిది దాటినవాళ్ళు, యాభై లోపువాళ్ళు రావాలి."

"ఇదేం మొక్కు భానుమతిగారూ? దేనికి మొక్కుకున్నారు?" అని ఎవరో అడిగారు.

"మొక్కు బయటికి చెప్తే ఫలించదు కదండీ."

దానికి తిరుగులేదు. డబ్బడిగితే ఎందుకని అడుగుతారు. సంతకమడిగితే చదవాలంటారు. మొక్కని చెప్తే తెలుగువాడు వాచీ తీసి చొక్కా మడుస్తాడు.

ఇంటికొస్తూ ట్రైనులో నాన్న అడిగాడు. "ఎప్పుడు మొక్కుకున్నావే ఇది?"

"నిన్న."

"నూట ఎనిమిదంటే దొరుకుతారా?"

"దొరక్కపోతే నాకు పాపం. మీ ఆఫీసులో ఎంతమందున్నారు?"

మొదటి ఆదివారం యాభై మూడు మందయ్యారు. తర్వాతి రెండు ఆదివారాలూ అమ్మ చోటు మార్చింది. ఒకటి సెరంగూన్ రోడ్డులో, ఆఖరిది మా బ్లాకు కింద. శ్రీకాకుళం నుంచి వచ్చి షిప్‌యార్డులో పనిచేసే అప్పయ్య అనే అతను ఒక్కడే తన డార్మిటరీ నుంచి పంతొమ్మిది మందిని లైన్లో నిలబెట్టాడు. "మొక్కంటే మాటలేటమ్మా, మీరు చెప్పీసారు, మేమొచ్చీసాం," అన్నాడు. పద్దెనిమిది నిండని నేను పేర్లు రాసుకునే బల్ల దగ్గర కూర్చున్నాను. ఆ సంవత్సరం నా వయసు మీద నాకున్నంత కోపం ఇంకెవరి మీదా లేదు.

హైమా ఆంటీ రెండు ఆదివారాలు తప్పించుకుంది. మూడోసారి మా బ్లాకు కిందే కాబట్టి దొరికిపోయింది.

"నాది ఏబీ నెగటివ్," అంది నర్సుతో, లైన్లో చివరివాళ్ళక్కూడా వినపడేలా. "లక్షకొకళ్ళకి కూడా ఉండదు. ఊరికే గుచ్చేసేది కాదు."

ఆ చైనీస్ నర్సు నవ్వి సూది తీసింది. ఆంటీ మొహం తెల్లబడింది. అప్పుడు స్తంభం వెనక దూరంగా కుర్చీలో కూర్చున్న ప్రణవి లేచి వచ్చింది. మాస్కు, తలకి గుడ్డ. డాక్టర్లు చెప్పిన దూరం దాటి వచ్చి ఆంటీ ఎడమ చెయ్యి పట్టుకుంది.

"ఇటు చూడండి ఆంటీ. ఇంత చిన్న సూది. నాకూ భయమే. వంద లెక్కపెట్టండి, అయిపోతుంది."

"నీకెప్పుడు గుచ్చారే?"

"ఎలర్జీకి," అంది ప్రణవి.

ముప్పై ఏడు దగ్గర అయిపోయింది. నా కాగితంలో హైమావతి పేరు తొంభై నాలుగోది.

ఆ వారంలోనే ఒక పొద్దున లలితా ఆంటీ ఖాళీ గిన్నె పట్టుకుని మా గుమ్మంలో నిలబడింది. ఏదో అనబోయింది.

"పంచదార అయిపోయిందా?" అంది అమ్మ. గిన్నె తీసుకుని, నిండా పోసి ఇచ్చింది. ఇద్దరూ ఆ విషయం మళ్ళీ మాట్లాడుకున్నది నేను వినలేదు.

*

నవంబర్ మొదటి గురువారం. ప్రణవి మెట్ల మీద ముందే కూర్చుని ఉంది.

"దొరికారట."

"ఎవరు?"

"చెప్పరు. రూల్. మగో ఆడో కూడా చెప్పలేదు. కానీ ఆ మనిషి ఇంకా ఓకే అనలేదు. ఆలోచించుకుంటానన్నారట. మండే దాకా."

"కాదంటే?"

"కాదంటే కాదు. ఫోర్స్ చేయకూడదు. అదీ రూలే." వేలితో మెట్టు మీద గీత గీసింది. "నా ప్రాణం ఎవరి ఇంట్లోనో పెండింగ్‌లో ఉంది కౌశిక్. వాళ్ళు ఇప్పుడు టీవీ చూస్తుంటారు."

ఆ సాయంత్రమే హైమా ఆంటీ మా ఇంటికొచ్చింది. కుర్చీలో కూలబడింది.

"భానూ, నీ మొక్కు నా పీకల మీదికొచ్చింది. ఎవరికో నాది సరిపోయిందట. మత్తిచ్చి, తుంటి ఎముకలోకి సూదులు దింపి తీస్తారట. ఎవరికో ఏమిటో అడిగితే చెప్పరు. మా విశ్వనాథంగారేమో ఎవడో ముక్కూమొహం తెలియనివాడి కోసం నువ్వెందుకు కోయించుకుంటావని ఒకటే గోల. సోమవారం చెప్తానన్నాను."

అమ్మ చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది. నా వైపు చూసింది. నేను పుస్తకం వైపు చూశాను.

"నీ ఒళ్ళు, నీ ఇష్టం హైమా," అంది అమ్మ చివరికి. "నా మొక్కు రక్తం వరకే. అది తీరిపోయింది. ఇంకోమాట నేననను."

ఆంటీ వెళ్ళాక నేను అమ్మ మీద విరుచుకుపడ్డాను. "బతిమాలొచ్చుగా! నీ మాట వింటుంది!"

"వింటుంది. రేపు ఆపరేషన్ బల్ల మీద నన్ను తిట్టుకుంటూ పడుకుంటుంది. బలవంతాన తీసుకున్నది ఒంటికి పట్టదురా."

శుక్రవారం పరీక్ష రాశాను. ఏం రాశానో తెలియదు. శనివారం ప్రణవి మెట్ల మీదికి రాలేదు. ఆదివారం మధ్యాహ్నం నేను ఏడో అంతస్తుకి దిగాను. నోట్లో ఒకే వాక్యం సిద్ధంగా ఉంది: "ఆంటీ, అది ప్రణవికి." చెప్తే ఆంటీ కాదనదు. చెప్తే సాయంత్రానికి సింగపూరంతా తెలుస్తుంది. లలితా ఆంటీ నా మొహం చూడదు. ప్రణవి కూడా చూడదేమో. బతికుండి చూడకపోతే చాలు అనుకున్నాను.

బెల్లు కొట్టాను. ఆంటీయే తలుపు తీసింది. చేతిలో మడతపెట్టిన నైటీలు, సోఫా మీద తెరిచిన బ్యాగు.

"రారా. జంతికలు తిను. రేపు సరేనని చెప్పేస్తున్నానని మీ అమ్మకి చెప్పు."

నేను నోరు తెరిచి ఉన్నాను. ఆవిడ అందులో మాట ఉందనుకోలేదు. జంతికల పళ్ళెం ముందుకు తోసింది.

"అంకుల్ ఒప్పుకున్నారా?"

"ఆయన సంగతి నేను చూసుకుంటాలే." నైటీలు బ్యాగులో సర్దింది. "నాలుగేళ్ళనుంచి ఈ బ్లాకులో అందరినీ అన్నీ అడుగుతాను. ఏం వండారు, ఎక్కడికెళ్ళారు, లడ్డు ఏదీ. వెనకాల ఏమనుకుంటారో నాకు తెలీదనుకున్నావా? నన్ను మాత్రం ఎవరూ ఏమీ అడగరు కౌశిక్. పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఈ నాలుగ్గోడలూ, నేనూ. మొన్న ఫోన్లో ఆ అమ్మాయి, 'మీరు తప్ప ఇంకెవరూ సరిపోలేదు మేడమ్' అంది. ఇంగ్లీషులోనే అంది గానీ, నాకు అర్థమైంది."

జంతికతో పాటు నా వాక్యం కూడా మింగేశాను.

*

డిసెంబర్ మొదటి వారంలో హైమా ఆంటీ రెండు రోజులు హాస్పిటల్లో ఉంది. అదే వారంలో అమ్మమ్మకి ఒంట్లో బాగాలేదని లలితా ఆంటీ, ప్రణవి ఇండియా వెళ్ళారు. అలా చెప్పారు.

నేను నెల రోజులు ప్రణవిని చూడలేదు. అంకుల్ వారానికి రెండుసార్లు ఆఫీసు నుంచి వస్తూ మా అంతస్తులో దిగి, "జ్వరం తగ్గింది," లేదా "జ్వరం వచ్చింది," అని చెప్పి వెళ్ళేవారు. కొన్నిసార్లు ఏమీ చెప్పకుండా, లిఫ్టులోంచి తల ఊపి పైకి పోయేవారు. ఆ రోజుల్లో అమ్మ నన్నేమీ అడిగేది కాదు.

జనవరి ఒకటి పొద్దున నాన్న ఎర్రబడ్డ కళ్ళతో ఆఫీసు నుంచి వచ్చాడు. "ఏమైంది?" అంది అమ్మ.

"ఏమీ కాలేదు," అన్నాడు నాన్న. ఇన్నేళ్ళుగా వాళ్ళంతా ఆ మాట కోసమే పనిచేశారు. కాఫీ తాగుతుండగా ఫోన్ మోగింది. సుధాకరరావు అంకుల్, హాస్పిటల్ నుంచి. నాకిమ్మన్నారట.

"కొత్త కణాలు మొదలయ్యాయి," అన్నారు. ఆగారు. "పాస్."

*

ఉగాది ఆ ఏడు ఏప్రిల్ మొదటి వారంలో వచ్చింది. అప్పటికి మా బ్లాకులో నాలుగు కుటుంబాలు ఖాళీ చేశాయి. రెండువేలు వచ్చేసింది, సరిచేయాల్సిన తేదీలు లేవు. విశ్వనాథం అంకుల్ కాంట్రాక్టు కూడా అయిపోయింది. వచ్చే శనివారం వాళ్ళు హైదరాబాద్ వెళ్ళిపోతున్నారు.

ప్రణవి ఫిబ్రవరిలో ఇంటికొచ్చింది. ఉగాది రోజు పొద్దున మెట్ల మలుపు దగ్గర కొత్త పరికిణీ వేసుకుని కూర్చుంది. తల మీద అంగుళం జుట్టు. కనుబొమ్మలు వచ్చాయి, ముందుకంటే కొంచెం ఒత్తుగా.

"నిన్న హాస్పిటల్లో కొత్త కార్డిచ్చారు. చూడు," అంది.

కార్డు మీద పేరు, పుట్టిన తేదీ. కింద రక్తం గ్రూపు.

"నువ్వు బి పాజిటివ్ కదా?"

"ఉండేదాన్ని. మ్యారో ఎవరిదైతే బ్లడ్ గ్రూప్ వాళ్ళదే వస్తుందట. ఇప్పుడిది."

ఏబీ నెగటివ్.

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. లక్షకొకళ్ళకి కూడా ఉండదు. ఆ మాట మా బ్లాకులో వినని గోడ లేదు.

కింద లిఫ్టు తెరుచుకున్న చప్పుడు, వెంటనే హైమా ఆంటీ గొంతు. "లలితా! ఉగాది పచ్చడి తెచ్చాను. తలుపు తీయండర్రా." మమ్మల్ని చూసి మెట్ల వైపు వచ్చింది. "ఇక్కడున్నారా వానరాలు! ఏవే ప్రణవీ, జుట్టు పెరగడానికింత కాలం పట్టిందేంటే? మా చెల్లెలు కూతురికి నాలుగు నెలల్లో భుజాల దాకా వచ్చింది. ఉదయం, సాయంత్రం కొబ్బరినూనె రాయి."

"సరే ఆంటీ."

"నేనా డిసెంబర్‌లో అంత జరిగాక కూడా నెలలో లేచి తిరిగాను. ఇదిగో, ఇక్కడ పొడిచారు, రెండు వైపులా." నడుం మీద చెయ్యి వేసి చూపించింది. ఈ కథ మేం కనీసం ఇరవైసార్లు విన్నాం. ఇరవైసార్లూ ప్రణవి మొదటిసారి విన్నట్టే విన్నది. "ఎవడికిచ్చారో చెప్పరు. ఏ చైనా పిల్లాడికో అయుంటుంది."

"ఆ పిల్లాడు బతుకుతాడా ఆంటీ?"

"బతక్కేం! నా రక్తమే అది." ఆంటీ పచ్చడి గిన్నె మూత సర్దింది. "నోరొకటి కొంచెం ఎక్కువవుతుంది వాడికి. వాళ్ళమ్మ పడాలి పాపం."

ప్రణవి లేచింది. రెండు మెట్లు దిగింది. వంగి హైమా ఆంటీ కాళ్ళకి దణ్ణం పెట్టింది. ఆ పిల్ల పెద్దవాళ్ళకి చెయ్యెత్తి 'హాయ్' అనడం తప్ప ఇంకోటి చేయగా నేను చూడలేదు. ఆంటీ కూడా చూడలేదు.

"ఇదేంటే, కొత్తగా!"

"ఉగాది కదా ఆంటీ. ఊరికి వెళ్ళిపోతున్నారు కూడా."

"శతమానం భవతి," అంది ఆంటీ, గరిటె ఉన్న చేత్తోనే తల మీద తాకి. అంగుళం జుట్టులో ఆవిడ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. "అవునూ, ఇంతకీ ఏం మొక్కుకున్నావే అప్పుడు?"

"చెప్పకూడదు కదా ఆంటీ. తీరింది మాత్రం."

"తీరితే అదే చాలు." గిన్నె నా చేతిలో పెట్టి, లలితా ఆంటీ తలుపు కొట్టడానికి వెళ్ళింది. అక్కడ తలుపు ముందే తెరిచి ఉంది. లలితా ఆంటీ ఎప్పట్నుంచి నిలబడిందో తెలియదు. చెంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఉంది. "నీకూ ఎలర్జీ పట్టుకుందా?" అంటోంది హైమా ఆంటీ, లోపలికి వెళ్తూ.

ప్రణవి పచ్చివి ఇంకా తినకూడదు. ఆ మామిడిముక్కలూ వేపపువ్వూ తనవంతు కూడా నేనే తిన్నాను. తను మెట్టు మీద కూర్చుంది. ఈసారి ఒక్క మెట్టే పైన. మాట్లాడటం మొదలుపెట్టింది. స్కూల్లో మళ్ళీ చేరడం గురించి, హాస్పిటల్ గంజి గురించి, పక్క గదిలో మలయ్ ముసలాయన గురించి, పచ్చకర్పూరం ఎక్కడ దొరుకుతుందో కనుక్కోవడం గురించి, వాళ్ళమ్మ తననేమని తిట్టింది, వాళ్ళ నాన్న ఎవరితో ఏమన్నారు, మూడో అంతస్తు వాళ్ళెందుకు ఖాళీ చేశారు. గంటన్నర ఆపలేదు.

నేను ఒక్కసారి కూడా అడ్డు రాలేదు.